స్వాగత ధర్మము

జూన్ మాసమున బడులు తెరచు వేళ, తెలుగునాట కతోలిక విద్యాలయములలో కొన్నింటికి ఏటేట కొత్త ప్రిన్సిపాలు వచ్చుచుందురు. వేసవి సెలవులలోనే బదిలీ ఉత్తరువు వెలువడును. ఏండ్ల తరబడి ఆ ప్రాంగణమునకు పెద్దదిక్కుగా నుండిన సిస్టరుగారో ఫాదరుగారో మరియొక ఊరికి తరలిపోవుదురు. వారి గదిలోనికి, వారి కుర్చీలోనికి ఇంతవరకు ఎవరును చూచి యెరుగని వేరొకరు వత్తురు. వరుసలు తీరిన పిల్లలు, పూలహారము, శాలువ, ప్రార్థనాగీతము, జ్యోతిప్రజ్వలనము, ఉపాధ్యాయులలో పెద్దవారు చదువు స్వాగతపత్రము, ఇవన్నియు యథావిధిగా జరిగిపోవును. అయినను ఆ వేడుకను నిదానించి చూచువారికి అందొక గంభీరమైన ప్రశ్న గోచరింపకపోదు. రేపటినుండి మన బిడ్డల చదువును, నడవడిని, కొంత మేరకు వారి భవిష్యత్తునుకూడ ఎవరి చేతులలో పెట్టనున్నామో, ఆ వ్యక్తి గుణదోషములు మనకు తెలియవు. తెలియనివారి యెదుట చేతులు జోడించి, మీ మాట వినెదమని పలుకుట వివేకమా, లేక వట్టి అలవాటా? అధికారమునకు లోబడుటకు ముందు అధికారిని పరీక్షింపవలదా? ఈ ప్రశ్న ఒక్క బడికి సంబంధించినదిగా పైకి తోచినను, దీని వేళ్లు విశ్వాసము, విధేయత, అధికారము అను మూడు మహావిషయములలోనికి పాకియున్నవి.

ముందుగా వచ్చువారి స్థితిని విచారింతము. మఠజీవితము నవలంబించినవారు దారిద్ర్యము, బ్రహ్మచర్యము, విధేయత అను మూడు వ్రతములను స్వీకరింతురు. వీనిలో విద్యాలయమునకు మిక్కిలి ప్రత్యక్షముగా కానవచ్చునది మూడవది. ఏ ఊరికి పోవలెనో, ఏ పని చేపట్టవలెనో వారి సభాధికారులు నిర్ణయింతురు. నిర్ణయము తెలిసిన పిదప, తాము నాటిన చెట్లను, తాము పేరుపేరున ఎరిగిన పిల్లలను, తమ కష్టముచే ఒక దారికి వచ్చిన పనులను వదలి వారు బయలుదేరుదురు. కావున స్వాగతవేదికపై కూర్చున్న ఆ వ్యక్తి మనకు కొత్తవారగుటయే కాక, మనమును, ఈ ఊరును, ఈ గోడలును వారికి కొత్తయే. మనము వారిని ఎరుగకయే నమ్మవలసి వచ్చినట్లు, వారును మనలను ఎరుగకయే ప్రేమింపవలసి వచ్చినది. ఈ రెండింటిలో కఠినతరమైనది వారి వంతునకే వచ్చినదని నా తలంపు.

మరియు, ఈ విద్యాలయముల చరిత్ర యంతయు కొత్తవారి రాకతోనే ఆరంభమైనది. ఆంస్టర్‌డాము నగరమున 1822లో మథియాస్ వుల్ఫ్ అను యేసుసభ గురువు స్థాపించిన జె.ఎం.జె. సభకు చెందిన మఠకన్యలు 1904లో హాలండు దేశమునుండి గుంటూరునకు వచ్చినప్పుడు, ఆ పట్టణమునకు వారెవరో తెలియదు, వారి భాష తెలియదు. వారికి తెలుగు పలుకుబడి తెలియదు, ఇచటి యెండల తీవ్రత తెలియదు. అయినను ఒక పక్షమువారు వచ్చిరి, ఒక పక్షమువారు తమ ఆడబిడ్డలను పంపిరి. ఆ పంపిన తలిదండ్రుల ధైర్యమును మన చరిత్రకారులు తగినంతగా కొనియాడలేదు. నేడు మనవరాండ్రు, మునిమనవరాండ్రు చదువుకొనుచున్న ఆ బడుల పునాదిలో విదేశసన్యాసినుల త్యాగముతోపాటు, ఎరుగనివారిని నమ్మిన ఆ సామాన్యగృహస్థుల విశ్వాసముకూడ ఉన్నది. ప్రతి జూన్ మాసమున మనము కొత్త ప్రిన్సిపాలునకు వేయు హారము ఆ తొలి విశ్వాసమును మరల ఒకసారి స్వయముగా అభ్యసించుట.

అయితే ఆ విశ్వాసమునకు పాత్రమగు అధికారము ఎట్టిది? ఆరవ శతాబ్దమున ఇటలీదేశమందు పునీత బెనెడిక్టు రచించిన మఠనియమావళి డెబ్బదిమూడు అధ్యాయములుగల చిన్న గ్రంథము. పాశ్చాత్య క్రైస్తవలోకమున విద్యను, వ్యవసాయమును, సమాజజీవనమును అది తీర్చినంతగా మరి యే చిన్న గ్రంథమును తీర్చలేదనవచ్చును. అందు అరువదినాల్గవ అధ్యాయమున మఠాధిపతి లక్షణములను చెప్పుచు బెనెడిక్టు, ఇతరులపై ఆధిపత్యము నెరపుటకంటె ఇతరులకు ఉపకరించుటయే అతని కర్తవ్యమని బోధించెను. ఈ బోధకు మూలము కడరాభోజనపు రాత్రియే. శిష్యులు బోధకుడనియు ప్రభువనియు పిలుచుచుండిన క్రీస్తు, నడుమునకు తువాలు చుట్టుకొని వారి పాదములు కడిగెను. తాను బోధకుడను కానని ఆయన అనలేదు, బోధకుడనగుటచేతనే ఈ పని చేయుచున్నానని తెలియజేసెను. సేవ అధికారమునకు అలంకారము మాత్రమే యని తలచువారు ఈ ఘట్టమును సరిగా చదువలేదు. ఇందు సేవయే అధికారమునకు ప్రాణము. అది తొలగిననాడు మిగులునది కుర్చీ, గంట, సంతకము.

దీనిని గ్రంథములలో చెప్పుట సులభము, జీవించి చూపుట దుర్లభము. జీవించి చూపినవారిలో విద్యాలయములకు మిక్కిలి సన్నిహితుడు ఫ్రాన్సుదేశీయుడైన పునీత జాన్ బాప్టిస్టు ద లసాల్. 1651లో రీమ్స్ నగరమున సంపన్నవంశమున జన్మించి, బాల్యము గడవకమునుపే ఆ నగరపు మహాదేవాలయమున గౌరవపదవిని పొందిన ఆ యువకునికి, పేదపిల్లలకు చదువు చెప్పు కొందరు ఉపాధ్యాయులకు సాయపడవలసిన సందర్భము తటస్థించెను. వారిని మొదట తన భోజనపు బల్లకు, పిదప తన యింటికి చేర్చుకొనెను, బంధువులు నొచ్చుకొనిరి. దైవముపై భారముంచుడని ఆయన ఆ ఉపాధ్యాయులకు బోధింపగా, ఆస్తిపాస్తులు గల మీకు ఆ మాట చెప్పుట తేలికయే, మాకు రేపటి గతి యేమని వారు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న ఆయన హృదయమున నాటుకొనెను. 1683లో ఆ గౌరవపదవిని విడిచెను. తరువాత వచ్చిన క్షామకాలమున తన ధనమును బీదలకు ఆహారముగా పంచివేసెను. అటుపిమ్మట ఆయన మాటకు కలిగిన బలము, అంతకుముందు ఆయన హోదా ఈయజాలనిది.

ఆ మహనీయుని జీవితమున మరి రెండు ఘట్టములు మన విషయమునకు నేరుగా సంబంధించినవి. 1712లో, అభియోగములచేతను అపనిందలచేతను మనసు విరిగి, తన ఉనికియే తాను ఆ ఉపాధ్యాయులతో స్థాపించిన సోదరసంఘమునకు చెరుపు చేయుచున్నదేమోయను శంకతో, ఆయన పారిసు నగరమును విడిచి దక్షిణప్రాంతమునకు వెడలిపోయెను. 1714 ఏప్రిల్ నెలలో పారిసు ప్రాంతపు సోదరులు ఆయనకు ఒక లేఖ వ్రాసిరి. అందలి విశేషమేమనగా, వారు ప్రార్థించి ఊరకుండలేదు. మీరు విధేయతావ్రతము చేసినది ఏ సంఘమునకో ఆ సంఘము పేరిట ఆజ్ఞాపించుచున్నాము, మరలివచ్చి పాలనభారము వహింపుడని శాసించిరి. స్థాపకుడు తన శిష్యుల శాసనమునకు తలయొగ్గి ఆ సంవత్సరముననే మరలివచ్చెను. 1717లో తన స్థానమున బర్తెలమీ అను సోదరుని, తనకంటె చాల చిన్నవానిని, సంఘాధ్యక్షునిగా ఎన్నుకొనజేసి, ఆ క్షణమునుండి ఆయన అనుమతి నడుగుచు సామాన్యసోదరునివలె మెలగి, 1719 ఏప్రిల్ 7న, పవిత్ర శుక్రవారమునాడు, కన్నుమూసెను. సంఘమును స్థాపించినవాడే కొత్త అధ్యక్షుని స్వాగతించువారిలో మొదటివాడయ్యెను. 1950లో జగద్గురువు పన్నెండవ పయస్సు ఆయనను ఉపాధ్యాయుల పాలకపునీతునిగా ప్రకటించినప్పుడు, ఆయన బోధనాపద్ధతులతోపాటు ఈ వినయమునుగూడ ఉపాధ్యాయలోకమునకు ఆదర్శముగా నిలిపెనని నేను భావింతును.

ఈ రెండు ఘట్టములను కలిపి చూచినచో, మనము మొదట వేసికొన్న ప్రశ్నకు సమాధానము దొరకును. నమ్మకము పరీక్షకు ముందే ఈయవలసినది. ఏలయన, నమ్మకము లేనిచోట పరీక్షయే సాగదు. అనుమానముతో చూడబడు మనుష్యుడు తన ఉత్తమస్వరూపమును చూపజాలడు. చూచువానికి అనుమానము తప్ప మరేదియు కనబడదు. తొలిదినమున పిల్లవాడు గురువును నమ్మకయే అక్షరము దిద్దజాలనట్లు, ఒక సమాజము తన పెద్దను నమ్మకయే ఒక్క అడుగైనను ముందునకు వేయజాలదు. కాని ఆ నమ్మకము నోరు కట్టుకొనిన నమ్మకము కారాదు. పారిసు సోదరుల లేఖ విధేయతయే పలికిన పలుకు. బెనెడిక్టు తన నియమావళి మూడవ అధ్యాయమున, ముఖ్యకార్యము వచ్చినప్పుడెల్ల మఠవాసుల నందరిని పిలిచి ఆలోచన అడుగవలెననియు, ఏది మేలో దానిని దేవుడు తరచుగా చిన్నవానికే తెలియజేయుననియు చెప్పి, వినిన పిదప నిర్ణయభారము మఠాధిపతిదే యని ముగించెను. చెప్పుట మన ధర్మము, వినుట వారి ధర్మము, నిర్ణయించుట వారి భారము, నిర్ణయమైన పిదప సహకరించుట మరల మన ధర్మము. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను స్వాగతము వేడుకగానే ముగియును.

మన ప్రాంతములలో ఈ విషయమునకు మరియొక ముఖమున్నది. ఇచటి కతోలిక బడులలో పెక్కింట చదువుకొను పిల్లలలో అధికసంఖ్యాకులు క్రైస్తవేతరులు. భారతరాజ్యాంగపు ముప్పదవ అధికరణము అల్పసంఖ్యాకవర్గములకు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కును ప్రసాదించినది. ఆ హక్కు నీడలో ఇరుగుపొరుగు మతములవారి బిడ్డలు ఒకే బెంచీపై కూర్చుండి పెరుగుట మన దేశమునకు దక్కిన భాగ్యము. 1965 అక్టోబరు 28న రెండవ వాటికను మహాసభ వెలువరించిన విద్యాప్రకటన, కతోలిక విద్యాలయములు బీదలయందును, కుటుంబపు ఆప్యాయతకు దూరమైనవారియందును, క్రైస్తవవిశ్వాసము లేనివారియందును ప్రత్యేకశ్రద్ధ వహింపవలెనని కోరినది. కావున ఏ ప్రిన్సిపాలు ఎంతటివారో తెలిసికొనదలచినవారు, ప్రవేశముల వేళ ఫీజు కట్టలేక ఆఫీసు గుమ్మమువద్ద తటపటాయించు తల్లితో వారు మాటాడు తీరును గమనింపవలెను. ఫలితముల పట్టికలు, బహుమతుల బీరువాలు చెప్పలేని సత్యమును ఆ సంభాషణ చెప్పును.

భిన్నమతముల పిల్లలు గల బడిలో బోధకుని అధికారము ఎంతవరకు పోవచ్చును? పునీత అగస్టీను, తన కుమారుడు అదెయొదాతుతో సంభాషణరూపమున రచించిన గురువును గూర్చిన గ్రంథమున, బయటి బోధకుడు మాటలచే సూచింపగలడే కాని, సత్యమును గ్రహింపజేయు గురువు హృదయాంతరమున నున్నాడనియు, ఆయన క్రీస్తేయనియు వాదించెను. మన తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో విద్య ముగించి పోవు శిష్యునితో ఆచార్యుడు, మాయందలి మంచి నడవడులనే అనుసరింపుము, తక్కినవానిని కాదని చెప్పును. ఈ రెండును ఒకే సిద్ధాంతమని నేననను. ఒకటి క్రీస్తును అంతర్గురువుగా నిలుపును, మరియొకటి శిష్యుని వివేచనకు ఆచార్యుని నడవడినే ఒప్పగించును. కాని రెండింటియందును గురువు తనకంటె గొప్పదానికి దారి విడుచుట కలదు. ఆ దారి విడువగల ప్రిన్సిపాలు పాలనలో హిందూ బాలిక తన యింటి ప్రార్థనను మరువకయే సువార్తను గౌరవింప నేర్చును. క్రైస్తవబాలుడు తన విశ్వాసమును డంబము చేసికొనకయే గాఢము చేసికొనును.

ఇక స్వాగతించువారు చేయవలసిన దేమి? వెడలిపోయినవారిని గూర్చిన కృతజ్ఞతను, వచ్చినవారిని కొలుచు కొలబద్దగా మార్చరాదు. పాత ప్రిన్సిపాలుగారి కాలమున ఇట్లు లేదను మాట ఉపాధ్యాయుల గదిలో ఎంత సాత్వికముగా పలుకబడినను, అది కొత్తవారి చెవికి చేరుసరికి ముల్లగును. అట్లే తొలివారముననే దాపునకు చేరి, ఇతరులపై చాడీలు చెప్పి, అనుగ్రహము సంపాదింపజూచుట విద్యాలయమునకు చేయు ద్రోహము. కొత్తవారికి మనమీయగల ఉత్తమమైన కానుక నిజము: ఏ తరగతి వెనుకబడియున్నది, ఏ ఆయా ఎన్నేండ్లుగా మౌనముగా శ్రమించుచున్నది, ఏ కుటుంబము కష్టములోనున్నది, ఏ ఆచారము ప్రాణవంతము, ఏది ఉత్త అలవాటు. మఠమునకు వచ్చు అతిథిని క్రీస్తునుగా భావించి స్వీకరింపుడని బెనెడిక్టు ఏబదిమూడవ అధ్యాయమున విధించెను. అతిథికి నిలువనీడ, అన్నము ఇచ్చిన చాలును. పాలించుటకై వచ్చినవారికి నిజముకూడ ఈయవలెను.

వచ్చువారికిని ఒక విన్నపము. మీరు వచ్చినది మీ సభాధికారులు పంపగా. కాని మీకు ఈ స్థానము నిజముగా దక్కునది ఇచటి పిల్లలు, తలిదండ్రులు, ఉపాధ్యాయులు, గేటువద్ద కాపలాదారు మిమ్ము తమవారుగా అంగీకరించిన నాడు. ఆ అంగీకారమును ఆజ్ఞలచే రాబట్టలేరు, వినుటచే సంపాదింపగలరు. మార్పవలసినవానిని మార్పుడు, మార్చుటకు ముందు అవి ఎందుకు ఏర్పడెనో తెలిసికొనుడు. ఒకనాడు మీకును బదిలీ వచ్చును. ఆనాడు ఈ బడి మీరు లేకయే చక్కగా నడువగలిగినచో, అదియే మీ పాలనకు దక్కిన సాఫల్యము.

స్వాగతోత్సవము ఒక్క పూటతో ముగియును. స్వాగతధర్మము అంతటితో ముగియదు. ఏ నిర్ణయము మనకు రుచింపదో ఆ నిర్ణయము వెలువడిన దినముననే అది పరీక్షకు వచ్చును. ఆనాడు చాటున సణుగక, ఎదుట నిలిచి మన మాటను మర్యాదతో చెప్పి, వారి మాటను ఓర్పుతో విని, పిల్లల మేలునకై మరల కలిసి పనికి పూనుకొనగలిగితిమా, జూన్ మాసమున మనమిచ్చిన మాట నిలిచినట్లే. ఎరుగనివారిని నమ్మి ఆరంభించి, నమ్మినవారితో నిజము పలుకుచు జీవించుట విశ్వాసుల సమాజమునకు ఎంత అవసరమో విద్యాలయమునకును అంత అవసరము. పెద్దలు దానిని ఆచరించి చూపిన బడిలోనే పిల్లలు దానిని నేర్తురు.