మావయ్యగారూ, రైలు పట్టాలూ

మొన్న సంక్రాంతికి మా మావయ్యగారు ఊరు ప్రయాణమై, అలవాటు ప్రకారం రైలుకు గంటన్నర ముందే స్టేషనుకు చేరారు. బెంచీ మీద స్థిరపడి, ఎప్పటి మాటే మళ్ళీ అన్నారు. "ఎన్నయినా చెప్పు తల్లీ, ఇంగ్లీషువాడు రాకపోతే మనకీ పట్టాలుండేవా?"

మామూలుగా నేను "అవునండీ" అనేసి ఊరుకుంటాను. ఆ రోజెందుకో ఊరుకోబుద్ధి కాలేదు. రైలు కంపెనీల్లో డబ్బు పెట్టిన లండన్ వాళ్ళకి ఏటా నూటికి 5 చొప్పున రాబడి ఖాయమని దొరతనం వారు హామీ ఇచ్చారు. లాభం అంత రాకపోతే, తక్కువపడింది మనవాళ్ళు కట్టిన పన్నుల్లోంచి పూడ్చారు. నష్టభయం లేని వ్యాపారం! ఇంక ఖర్చు దగ్గర పొదుపెందుకు?

"మరి మన కాటన్ దొరో?" అన్నారు మావయ్యగారు. గోదావరి మనిషి కదా. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో పండిన అన్నమే మా ఇంట్లో ఉడుకుతోంది. ఎలా కాదంటాను? కానీ రైళ్ళ కంటే ముందు కాలువలు తవ్వండయ్యా అని సొంత దొరతనంతోనే పోట్లాడింది కూడా ఆ కాటనే.

ఈ లెక్కలు బయటికి లాగిన పెద్దమనిషి దాదాభాయి నౌరోజీ. జీతాలు, పింఛన్లు, అప్పులకు వడ్డీలు అంటూ ఏటా ఎంత సొమ్ము సముద్రం దాటిపోతోందో సర్కారు కాగితాల్లోంచే తీసి చూపించాడు. 1870 ప్రాంతంలో మన దేశంలో మనిషి ఏడాది ఆదాయం 20 రూపాయలని తేల్చాడు. చాలాచోట్ల జైల్లో ఖైదీ తిండీబట్టా ఖర్చు అంతకంటే ఎక్కువే! తీరా 1901లో అచ్చువేసిన పుస్తకం పేరులో ఆ పాలనని 'బ్రిటిష్‌తనం కానిది' అన్నాడు. దోచుకునేవాడితో "ఇది మీ పెద్దరికానికి తగునా?" అన్నట్టు. అమాయకత్వం అంటారు కొందరు. నేననను. పెత్తనం చేసే మగవాడితో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎన్ని తరాలుగా ఇలా మాట్లాడలేదూ?

నాకు ముల్లులా గుచ్చుకునేది వేరే ఉంది. 1881లో ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఏడేళ్ళు నిండని పిల్లల్ని పనిలో పెట్టకూడదు, 12 ఏళ్ళ లోపువాళ్ళతో రోజుకి 9 గంటలకు మించి చేయించకూడదు అని. అంతే! దానికే మన జాతీయ పత్రికలు చాలావరకు మండిపడ్డాయి, మన మిల్లుల్ని దెబ్బతీయడానికి ఇంగ్లండు మిల్లుల వాళ్ళు పన్నిన ఎత్తని. ఎత్తు నిజమే. మరి ఆ ఏడేళ్ళవాడి నిద్రమొహమో?

ఇదంతా చెప్తే మావయ్యగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"అయితే ఆ పిల్లల పద్దు ఎవరు రాసినట్టే?"

జవాబు వెతుక్కుంటూండగానే రైలొచ్చేసింది. తీరా మా బోగీ ఎక్కడో ఆ చివర. పెట్టె పట్టుకుని పరిగెత్తాను.