జట్టులో ఉన్నాడులే అని ఊరకుండవచ్చునా?

ధ్యానభాగములు: లూకా 2:41–52, 1 సమూయేలు 3:11–14, అపొ. కార్యములు 15:36–40



పస్కా పండుగ ముగించుకొని యెరూషలేమునుండి తిరిగివచ్చుచున్న యోసేపు మరియలు, పండ్రెండేండ్ల బాలుడు బంధువుల గుంపులోనే ఉన్నాడనుకొని ఒక దినమంతయు నడచిరి. మూడు దినములైన తరువాతగాని ఆయన కనబడలేదు. ఆ బాలునియందు దోషమేమియు లేదు. అయినను 'గుంపులో ఉన్నాడులే' అను తలంపు ఎంత మంచి పెద్దలనైనను ఏమరపాటున పడవేయునని ఇందువలన నేర్చుకొందము.

మన సుమ్మాదేవి, పలాస, టెక్కలి ప్రాంతముల పిల్లలును కబడ్డీ, ఖోఖో, వాలీబాలు జట్లలో చేరి దూరపు ఊళ్లకు పోవుచుందురు. పాఠశాలల పోటీలు 14, 17, 19 ఏండ్లలోపువారికి వేరువేరుగా జరుగును. తల్లి జీడిపప్పు కార్ఖానాలోను, తండ్రి కొబ్బరితోటలోను పనిలో నుండగా, పిల్లవాడు రైలెక్కి పరాయి ఊరిలో చాపమీద పండుకొనును. ఆ రాత్రులలో వానికి తల్లియు తండ్రియు వ్యాయామోపాధ్యాయుడే. ఆటలు చెడ్డవని చెప్పుటలేదు. మన జిల్లా ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు కంచుపతకము గెలిచి దేశమునకు పేరు తెచ్చెను గదా!

ఒక సంగతి తలంచుడి. తెల్లవారితే ఫైనలు. ఆ రాత్రి జట్టులోని మేటి ఆటగాడు బస గోడ దూకి వెళ్లి, మద్యము త్రాగి వచ్చెను. మాస్టరుగారు ఏమి చేయవలెను?

మొదటి శోధన దాచిపెట్టుట. 'రేపు ఆడనిమ్ము, ఇంటికి వెళ్లిన తరువాత చూతము' అని మనస్సు చెప్పును. యాజకుడైన ఏలీ తన కుమారుల దుష్కార్యములు వినెను, మందలించెను, గాని అడ్డగింపలేదు. దేవుడు ఆయనమీద మోపిన నేరమిదే. కప్పుకొరకు కన్ను మూసికొనువాడు ఏలీ పీఠముమీద కూర్చున్నవాడే.

రెండవ శోధన కోపము. పదిమందిలో కొట్టుట, అవమానించుట, ఒంటరిగా రాత్రి బండి ఎక్కించి పంపివేయుట. బడిపిల్లలను కొట్టకూడదు, మనస్సు హింసింపకూడదు అని 2009 విద్యాహక్కు చట్టము 17వ విభాగము చెప్పుచున్నది. అపాయములోనికి త్రోయుట శిక్ష కానేరదు.

మరి నడువవలసిన త్రోవ ఏది? మొదట వాని ఒంటికి అపాయమేమైన ఉన్నదేమో చూడవలెను. అవసరమైనయెడల వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. తెలివి వచ్చిన తరువాత, మరియొక పెద్ద సమక్షమున, జరిగినదేమని అడిగి వినవలెను. మరియ కూడ కుమారుని కనుగొని ముందుగా అడిగెనే గదా! ఆ రాత్రియే ప్రధానోపాధ్యాయునికిని తలిదండ్రులకును తెలియజేయవలెను. మరునాడు వానిని ఆటకు దింపరాదు. పెద్దలు తోడుండగా ఇంటికి చేర్చవలెను. ఒకని తప్పుకు జట్టంతటిని దండింపరాదు.

అయితే పెద్ద పిల్లలు చిన్నవానిని బాధించినయెడల, ముందు ఆ చిన్నవానిని వేరొక గదిలో క్షేమముగా ఉంచవలెను. అది లైంగిక దుష్కార్యమైనచో, జట్టులో రాజీచేసి ముగించు సంగతి కాదు. 2012 పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపవలెను. తెలిసియు దాచుట నేరము. 1098 నంబరుకు ఫోను చేసి సహాయము కోరవచ్చును. బాధపడినవానితో 'క్షమించివేయుము' అని తొందరపెట్టుట క్రీస్తు ప్రేమ కాదు.

మార్కు అను మారుపేరుగల యోహాను పంఫూలియలో జట్టు విడిచి వెళ్లిపోయెను. మరుసటి ప్రయాణమునకు పౌలు వానిని వెంటబెట్టుకొనలేదు. బర్నబా వానిని చేరదీసి కుప్రకు తీసికొనిపోయెను. కడపట పౌలే, మార్కు తనకు పనికివచ్చువాడు గనుక తోడుకొని రమ్మని తిమోతికి వ్రాసెను. ఒక ప్రయాణము తప్పినది, గాని త్రోవ మూయబడలేదు. శిక్షకు హద్దు ఉండవలెను. శిక్ష తీరిన పిల్లవానికి చోటు ఉండవలెను.

తలిదండ్రులారా, బయలుదేరకముందే నియమములు అడిగి తెలిసికొనుడి. రాత్రి హాజరు తీయువారెవరు? పిల్లల చెంత పండుకొను పెద్దలెవరు? బాలికలతో ఉపాధ్యాయురాలు వెళ్లుచున్నదా? మాస్టరుగారు ఫోను చేసినప్పుడు 'మావాడు అట్టివాడు కాడు' అని పోట్లాడకుడి. సత్యముకొరకు కప్పు పోగొట్టుకొని వచ్చిన ఉపాధ్యాయుని ఊరు నిందించినయెడల, వచ్చేయేడు ఆయన దాచిపెట్టును. అప్పుడు ఆ దోషము మనది కాదా? సంఘపెద్దలారా, తప్పిన బాలుని సంగతి వీధిలో చెప్పుకొనకుడి. ఆదివారమున వాని ప్రక్కన కూర్చుండుడి.

ప్రార్థన: ప్రభువా, ఇల్లు విడిచి వెళ్లు మా పిల్లలను కాపాడుము. వారిని నడిపించువారికి ఏలీకి లేకపోయిన ధైర్యమును, బర్నబాకున్న కనికరమును దయచేయుము. ఆమేన్.