పరిణామ సిద్ధాంతం: విచారించి మాట్లాడదాం

 

ఇంటర్‌లో బైపీసీ చదివే మన పిల్లలు, "పరిణామ సిద్ధాంతం నిజమేనా?" అని అడుగుతుంటారు. "అదంతా అబద్ధం" అని కసిరి పంపే ముందు ఒక్క క్షణం ఆగుదాం. నమ్మదగని వాడు వార్త తెస్తే విచారించి తెలుసుకోమని అల్లాహ్ హుజురాత్ సూరా (49:6)లో ఆజ్ఞాపించాడు. తెలియని విషయం వెంటపడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నింటికీ లెక్క చెప్పవలసి ఉంటుందని బనీ ఇస్రాయీల్ సూరా (17:36)లో హెచ్చరించాడు. ఈ ఆజ్ఞ ఎదుటివారికే కాదు, మనకు కూడా వర్తిస్తుంది.

మన ఉపన్యాసాల్లో పిల్ట్‌డౌన్ మనిషి ఉదంతం తరచూ వినిపిస్తుంది. 1912లో ఇంగ్లండులో ఒక పుర్రెను చూపి, వానరానికీ మనిషికీ నడుమ ఉన్న జీవి ఇదేనన్నారు. భూమిలో ఉన్న ఎముక నీటి నుంచి ఫ్లోరిన్‌ను పీల్చుకుంటుంది. 1949లో ఆ ఫ్లోరిన్‌ను కొలిచి చూస్తే, ఆ ఎముకలు చెప్పినంత పాతవి కావని తేలింది. 1953లో అసలు గుట్టు బయటపడింది: మనిషి పుర్రెకు వానర దవడను జతచేసి, పళ్ళను అరగదీసి, రంగు పూశారు. ఇది పచ్చి మోసం. అయితే దాన్ని బయటపెట్టింది కూడా శాస్త్రవేత్తలే. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగమే చెప్పడం న్యాయమేనా?

మరి ఈ సిద్ధాంతాన్ని ఎలా పరీక్షిస్తారు? చేపల నుంచి నాలుగు కాళ్ళ జంతువులు వచ్చాయన్నది నిజమైతే, ఆ రెండింటి కాలాల నడుమ ఏర్పడిన రాళ్ళలో రెండు లక్షణాలూ ఉన్న జీవి దొరకాలి. శాస్త్రవేత్తలు ముందుగానే అలాంటి రాళ్ళను ఎంచుకుని, ఉత్తర కెనడా మంచు దీవుల్లో ఏళ్ళ తరబడి వెతికారు. 2004లో టిక్టాలిక్ దొరికింది. దాని వయసు సుమారు 37 కోట్ల 50 లక్షల సంవత్సరాలు. చేపకున్నట్లు పొలుసులున్నాయి, చేపకు లేని మెడ ఉంది, రెక్కల లోపల మణికట్టును పోలిన ఎముకలున్నాయి. దీనికి భిన్నంగా, చేపలు కూడా లేని కాలపు రాళ్ళలో కుందేలు ఎముక దొరికి ఉంటే ఈ సిద్ధాంతం చిక్కుల్లో పడేది. అలాంటిది ఇంతవరకు దొరకలేదు.

సోదరులారా! ఎముక తన వయసు చెబుతుంది, ఆకారం చెబుతుంది. సృష్టికర్త ఉన్నాడా, మనిషి ఎందుకు పుట్టాడు, మరణించాక ఎవరికి జవాబు చెప్పాలి అన్నవి ఎముకను అడిగే ప్రశ్నలు కావు. ఎముకలు చూపి దేవుడు లేడనేవాడు శాస్త్రం హద్దు దాటుతున్నాడు. హజ్రత్ ఆదమ్ (అలైహిస్సలాం) గురించి మనకు తెలిసింది దైవవాణి ద్వారా. అది మన విశ్వాసం. ఆ విశ్వాసాన్ని నిలబెట్టడానికి అబద్ధపు సాక్ష్యం అవసరం లేదు.

భూమిపై సంచరించి, సృష్టి ఎలా ఆరంభమయిందో చూడమని అన్కబూత్ సూరా (29:20) మనల్ని పిలుస్తోంది. కనుక పిల్లల ప్రశ్నకు భయపడవద్దు. వారితో కూర్చుని చదువుదాం, తెలిసింది చెబుదాం, తెలియనిదాన్ని తెలియదందాం. ఇంట్లో మనం చెప్పిన తప్పు రేపు కాలేజీలో బయటపడితే, ఆ బిడ్డ మన మాటనే కాదు, మన ధర్మాన్నీ అనుమానిస్తాడు.

అల్లాహ్ మనకు సత్యాన్ని సత్యంగా గుర్తించే చూపును, దాన్ని నిజాయితీగా పలికే నాలుకను ప్రసాదించుగాక! ఆమీన్.