అపచారము – అనుగ్రహము

భగవంతుడు సర్వాంతర్యామి. ఆయన లేని చోటు లేదు. అట్లయినచో, నిత్యము పూజ చేయుచు, ఆలయమునకు పోవుచు నుండు భక్తునికి కూడ ఒక్కొక్కప్పుడు ఆయన దూరమైనట్లు తోచుటకు కారణమేమి? జపమాల తిరుగుచుండును, మనస్సు నిలువదు. కన్నులయెదుట దివ్యమంగళ విగ్రహ ముండును, హృదయము కరుగదు. స్వామి దయ తగ్గినదా? లేదు. మనము చేసిన పాపము నడుమ తెరయై నిలచినది.

మానవుని చేత, అతనికి ఇష్టము లేకున్నను, పాపము చేయించునది ఏది యని శ్రీమద్భగవద్గీత తృతీయాధ్యాయమున అర్జునుడు ప్రశ్నించెను. కామక్రోధములే ఆ శత్రువులని శ్రీకృష్ణపరమాత్మ సెలవిచ్చి, అవి జ్ఞానమును కప్పివేయు విధమును ఉపమానములతో వివరించెను. వానిలో మలినమైన అద్దము ఒకటి. అద్దము మాసినంత మాత్రమున సూర్యుడు అస్తమింపలేదు, అద్దమును పగులలేదు. ప్రతిబింబము మాత్రము కానరాదు. పాపము భగవంతుని మన నుండి తొలగింపజాలదు. ఆయనను చూడగల శక్తిని మన నుండి తొలగించును.

ఈ మాలిన్యమును తుడుచుట యెట్లు? స్వామి సన్నిధికి పోయి మ్రొక్కుకొన్న చాలునని మనలో పెక్కుమంది భావింతురు. శ్రీమద్భాగవతము నవమస్కంధము నందలి అంబరీషోపాఖ్యానము ఈ భావమును సరిదిద్దుచున్నది.

అంబరీష మహారాజు సంవత్సరకాలము ద్వాదశీ వ్రతము సలిపి, పారణకు సిద్ధమైనప్పుడు దుర్వాస మహర్షి అతిథిగా వచ్చెను. భోజనమునకు అంగీకరించి, స్నానమునకై యమునకు పోయి, ఎంతకును మరలిరాలేదు. ద్వాదశి దాటిపోవుచుండెను. రాజు పెద్దల ననుమతి వేడి, జలము మాత్రము స్వీకరించెను. అది తెలిసికొని ముని కోపించి, తన జట నొకదానిని పెరికి కృత్యను సృష్టించి రాజుపైకి పంపెను. సుదర్శన చక్రము కృత్యను దహించి, మునిని తరుమసాగెను. ఆయన బ్రహ్మను ఆశ్రయించెను, శివుని ఆశ్రయించెను, తుదకు వైకుంఠమునకు పోయి శ్రీహరి పాదములపై బడెను. తాను భక్తులకు అధీనుడననియు, అంబరీషునే క్షమాపణ కోరుమనియు స్వామి ఆదేశించెను.

పాఠకులు ఈ ఘట్టమును నిదానముగా మననము చేయవలెను. దుర్వాసుడు మహాతపస్వి. వైకుంఠమున సాక్షాత్తు స్వామి పాదములను పట్టుకొన్నాడు. అంతకు మించిన దర్శనము ఎవరికి లభించును? అయినను చక్రము ఆగలేదు. అపచారము జరిగినది ఒకచోట. క్షమాపణ కోరినది వేరొకచోట.

కూలివాని కష్టార్జితమును ఎగవేసి, ఆ సొమ్ములో కొంత హుండీలో వేసినవాడు స్వామికి చేరువైనాడా? తమ్ముని వాటాను కాజేసి, ఆ పొలమున పండిన ధాన్యముతో నైవేద్యము పెట్టినవాని మనస్సునకు శాంతి యెట్లు కలుగును? ఋణము తీర్చవలసినది ఋణమిచ్చిన వానికే. హాని పొందినవారు కాలము చేసియుండినచో, వారి సంతతికి చెల్లింపవలెను. అదియు సాధ్యము కానినాడు, చేసిన తప్పును దాచక చెప్పుకొనుటయు, పశ్చాత్తాపమును పాపవిమోచన మార్గములని మనుస్మృతి పదకొండవ అధ్యాయము చెప్పుచున్నది.

అయితే, పాపినని కుమిలి ఆలయమునకు దూరమగుటయు తగదు. శ్రీహరి దుర్వాసుని వెడలగొట్టలేదు, దారి చూపెను. ఆ దారి చూపుటయే అనుగ్రహము.

ముని తిరిగివచ్చి రాజు పాదములను పట్టుకొనెను. అంబరీషుడు సిగ్గుపడి, చక్రమును స్తుతించి శాంతింపజేసెను. మునికి భోజనమిడిన పిదపనే తాను భుజించెను. ముని పోయి అప్పటికి ఒక సంవత్సరము గడచినది. అంతకాలమును రాజు జలము మాత్రమే స్వీకరించుచు అతిథికై వేచియుండెను! మనము ఎవరికి కీడు చేసితిమో వారి గుమ్మమున మనకొరకు ఎంతటి క్షమ వేచియున్నదో, పోయి చూచిన గాని తెలియదు. లోకములన్నియు తిరిగిన ముని చేరవలసినది తాను బయలుదేరిన చోటికే.

కావున, భక్తులారా! స్వామి దర్శనమునకు బయలుదేరుటకు ముందు, మన వలన నొచ్చిన వారి గడప ఒకటి మిగిలియున్నదేమో విచారించుకొందము. ఆ గడప దాటివచ్చిన వానికి గర్భాలయము దూరము కాదు.