ఆ పదకొండు నిమిషాలు

"డబ్బిచ్చి మరీ దెబ్బలు తినడమంటే ఇదేనే!" అంది మా అక్కయ్య, ఫ్లాస్కు మూత బిగిస్తూ.

ఆవిడ ఈ మాటన్నది బందరులో, మా వంటింట్లో కాదు. అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో, సముద్రమట్టానికి తొమ్మిది వేల అడుగుల పైన, ట్విన్ లేక్స్ అనే చోట మడతకుర్చీలో కూర్చుని అంది. చీర మీద రెండు స్వెట్టర్లు, కాళ్ళకి మేజోళ్ళు, ఒళ్ళో పులిహోర డబ్బా. ఎదురుగా కొండ. ఆ కొండ మీద ఎక్కడో ఆవిడ కూతురు సైకిలు తొక్కుతోంది.

రెండేళ్ళ కిందటి మాట ఇది. మనవణ్ణి చూసుకోవడానికి అక్కయ్య వెళ్తుంటే, తోడుగా నేనూ వెళ్ళాను. తీరా వెళ్ళాక తెలిసింది, మా అమ్మాయి సైకిలు పందెంలో చేరిందని. అమ్మాయంటే చిన్నపిల్లేం కాదు. ముప్ఫై నాలుగేళ్ళు, డెన్వర్‌లో ఉద్యోగం, ఆరేళ్ళ కొడుకు.

లెడ్‌విల్ అని ఒక చిన్న ఊరుంది అక్కడ. పదివేల నూట యాభై రెండు అడుగుల ఎత్తు. అంత ఎత్తున గాలి పలచబడిపోతుంది. బందరులో ఒక గుక్కలో అందే ప్రాణవాయువులో అక్కడ మూడింట రెండు వంతులే అందుతుంది. హోటలు గదికి పదిహేను మెట్లెక్కి, మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడ్డాను నేను. అలాంటి చోట నూరు మైళ్ళు, అంటే నూట అరవై కిలోమీటర్లు, రాళ్ళ దారిలో సైకిలు తొక్కాలి. యాభై మైళ్ళు వెళ్ళి, కొలంబైన్ గని అనే చోట వెనక్కి తిరిగి, వెళ్ళిన దారినే రావాలి. ఆ గని దగ్గర ఎత్తు పన్నెండు వేల నాలుగు వందల అడుగులు దాటుతుంది. పన్నెండు గంటల్లోపు తిరిగొస్తే నడుముకి పెట్టుకునే బెల్టు బకిల్ ఒకటిస్తారు. తొమ్మిది గంటల్లోపయితే ఇంకాస్త పెద్ద బకిల్. పన్నెండు గంటలు దాటిందా, బకిల్ లేదు. మధ్య మధ్య మజిలీల్లో కూడా గడువులున్నాయి. ఆ వేళకి చేరకపోతే ఇక చాలమ్మా అని అక్కడే ఆపేస్తారు. గెలిచేవాళ్ళు ఆరుగంటల్లోపే వచ్చేస్తారుట, వాళ్ళ సంగతి వేరు. వెయ్యికి పైగా వచ్చే మిగతావాళ్ళు మన మా అమ్మాయిలాంటివాళ్ళే, పగలు ఆఫీసు పనీ, సాయంత్రం పిల్లల హోంవర్కూ చూసుకునేవాళ్ళు. ఇందులో చేరడానికి లాటరీ కూడానట! కష్టానికి లాటరీ వెయ్యడం నేను మొదటిసారి విన్నాను.

ఈ పందెం పుట్టిన కథ చెబితే అక్కయ్యకి కోపం కాస్త తగ్గింది. ఆ ఊరు పూర్వం వెండి గనుల ఊరు. తర్వాత దగ్గర్లోని క్లైమాక్స్ గని మీద బతికింది. 1982లో ఆ గని మూతబడింది. వేలమంది మగవాళ్ళు ఒక్కసారిగా వీధిన పడ్డారు. అదే గనిలో పనిచేసిన కెన్ చ్లౌబర్ అనే ఆయన ఊరికి నలుగురూ వచ్చేలా ఏదైనా చెయ్యాలని 1983లో నూరు మైళ్ళ పరుగు పందెం పెట్టాడు. మెరిలీ మాపిన్ అనే ఆవిడ ఆయనకి తోడు నిలిచింది. సైకిలు పందెం 1994లో మొదలైంది. "నీకు పిచ్చా? ఎవరైనా చచ్చిపోతారు" అని ఆ పరుగు పందెం మాట విని అక్కడి ఆస్పత్రి పెద్ద హడలిపోతే, అప్పుడైనా ఊరికి పేరొస్తుందిగా అన్నాడుట చ్లౌబర్. ఆకలి మీదున్న ఊరి హాస్యం అలాగే ఉంటుంది మరి.

అయినా ఒక మాట నన్ను గుచ్చుతూనే ఉంది. గనిలో దిగినవాడు రోజూ పడ్డ కష్టానికి ఏ బకిల్ ఇచ్చారు? అంత దూరం ఎందుకు, మా నాయనమ్మ తెల్లారకుండా కాలువ నుంచి రెండు బిందెలు మోసేది, ఒకటి నెత్తిన, ఒకటి చంకన. నలభై ఏళ్ళు మోసింది. ఇన్ని మైళ్ళని ఎవరైనా లెక్కగట్టారా? "ఇదిగో అమ్మా, ఇక్కడితో నీ పందెం అయిపోయింది" అని గీత గీసి, చప్పట్లు కొట్టినవాళ్ళున్నారా? తప్పనిసరి కష్టం లేనివాళ్ళే సరదా కష్టం కొనుక్కుంటారని, ట్విన్ లేక్స్ దగ్గర కూర్చుని నేను కాస్త పుల్లవిరుపుగానే అనుకున్నాను.

అక్కయ్య గొడవ వేరు. "తెల్లారి నాలుగింటికి లేచి సైకిలేసుకుని పోతుందే! పిల్లాడికి అల్లుడుగారు దోసెలు పోసి పెడుతున్నారు. చూడలేకపోతున్నాను." అల్లుడుగారే పందెంలో ఉండి, అమ్మాయి దోసెలు పోస్తుంటే ఈ మాట వచ్చేదా అని అడిగాను. అక్కయ్య ఫ్లాస్కు కేసి చూస్తూ కూర్చుంది.

పొద్దున ఆరున్నరకి బయల్దేరిన పిల్ల, గని దాకా ఎక్కి తిరిగి ట్విన్ లేక్స్‌కి రావాలి. వేళ మించిపోతోంది. మా పక్కన ఎవరెవరి భర్తలో, భార్యలో, నీళ్ళ సీసాలు పట్టుకుని దారికేసి చూస్తున్నారు. ఒక్కో మనిషీ దుమ్ము కొట్టుకుపోయి వస్తుంటే, ఎవరిదో వాళ్ళకి పైకి లేచే ఉత్సాహం, మిగిలినవాళ్ళకి మళ్ళీ కుర్చీ. గడువుకి కాస్త ముందుగా మా పిల్ల వచ్చింది. పెదవులు పగిలి, మోకాలు దోక్కుపోయి ఉంది. పులిహోర రెండు ముద్దలు నోట్లో కుక్కుకుని, "ఆలస్యమైపోయింది పిన్నీ" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆరు గంటల నలభై ఒక్క నిమిషానికి లెడ్‌విల్ వీధిలోకి వచ్చింది. పన్నెండు గంటల పదకొండు నిమిషాలు. బకిల్ లేదు.

ఏం జరిగిందో రాత్రి చెప్పింది. గని దగ్గర్నుంచి దిగుతుంటే, దారి పక్కన రాతి మీద ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడుట. ఆ పై దారి ఎంత నిటారుగా ఉంటుందంటే, ఎక్కేటప్పుడు చాలామంది సైకిలు దిగి నెట్టుకుంటూ నడుస్తారు. అలా నెట్టుకుంటూ వచ్చి కూలబడ్డాడన్నమాట. పోయేవాళ్ళందరూ "బాగానే ఉన్నారా?" అని అడుగుతూనే ఉన్నారు. ఆయన బొటనవేలు పైకెత్తి చూపిస్తూనే ఉన్నాడు. ఈ పిల్లా అడిగింది, ఈ పిల్లకీ బొటనవేలు చూపించాడు. పది గజాలు దిగాక బ్రేకు వేసింది. వేలయితే పైకి లేచిందిగానీ, చూపు తనమీద నిలవలేదనిపించిందిట. వెనక్కి నడిచి వెళితే, ఆయనకి తన పేరు చెప్పడమే రాలేదు. వాంతి చేసుకున్నాడు. చలికి వణుకుతున్నాడు. తన కోటు కప్పి, పోయేవాళ్ళతో కబురు పంపి, వైద్యం చేసేవాళ్ళు వచ్చేదాకా పట్టుకు కూర్చుంది. ఇరవై అయిదు నిమిషాలు.

"మంచి పని చేశావమ్మా" అన్నాను.

"నాకు ఆయన మీద కోపంగా ఉంది పిన్నీ," అంది. "మూడేళ్ళు కష్టపడ్డాను. ఇరవై అయిదులోంచి పదకొండు తీసేస్తే పద్నాలుగు మిగులుతాయి. దారంతా అదే లెక్క. పిక్కలు పట్టేసినప్పుడు కూడా అదే లెక్క. ఇంత ఏడుపున్నప్పుడు అది మంచి పనేం అవుతుంది?"

మీరే చెప్పండి, ఏం జవాబు చెప్పాలి? దానం చేసి ఆ తర్వాత విచారిస్తే ఫలం పోతుందని పెద్దవాళ్ళంటారు. నాకెప్పుడూ ఆ మాట నచ్చలేదు. కోటు కప్పుకున్నవాడికి వెచ్చదనం అందింది కదా! కప్పిన మనిషి లోపల సణుక్కుంటే ఆ వెచ్చదనం తగ్గుతుందా? తగ్గదు. కానీ అమ్మాయి అడిగింది ఆయన సంగతి కాదు. తన సంగతి.

అందుకే ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని విషయం ఒకటి చెప్పాను. బి.ఏ. అయ్యాక ఎం.ఏ.లో సీటొచ్చింది నాకు. చేరాల్సిన నెలలోనే మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. నాలుగేళ్ళు మంచంలో ఉన్నారు. బంధువులందరూ నన్ను మెచ్చుకున్నారు, కోడలంటే ఇలా ఉండాలన్నారు. నేను క్యాలెండరు కేసి చూస్తుండేదాన్ని. దేనికోసం చూసేదాన్నో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. "మరి నేను చేసింది సేవా, కాదా?" అని అడిగాను దాన్ని.

అది చాలాసేపు నా మొహంలోకి చూసింది. "నువ్వు ఆగలేదు పిన్నీ, నిన్ను ఆపారు. నేను వెనక్కి తిరిగాను" అంది.

కావాలని అనలేదు. నిజమే అంది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. (ఎత్తు మూలాన అక్కడ నిద్ర సరిగా పట్టదంటారు, అదీ కొంత కారణం కావచ్చు.) ఎవరో ఆపితే ఆగినదానికి మంచితనమనే పేరు చెల్లదా? అయితే ఆడవాళ్ళం చేసినదాంట్లో ముప్పాతిక భాగం లెక్కలోంచి ఎగిరిపోవాల్సిందే. ఆలోచించగా ఆలోచించగా ఒక సాయంత్రం గుర్తొచ్చింది. అత్తగారికి అన్నం పెట్టడం, బట్టలు మార్చడం అన్నీ అయిపోయాయి. గుమ్మం దాకా వెళ్ళాను. చేతిలో నవల ఉంది. ఎందుకో వెనక్కి చూస్తే, ఆవిడ బాగున్న చేత్తో జుట్టు చిక్కు తీసుకోబోతున్నారు. రావడం లేదు. నన్ను పిలవలేదు. పిలిచి ఉంటే విసుక్కునేదాన్నేమో. వెళ్ళి దువ్వెన తీసుకుని జడ వేశాను. నాలుగేళ్ళలో నాదని చెప్పుకోగలిగింది ఆ అరగంటేనేమో. కాదు, ఇంకొన్ని ఉండే ఉంటాయి. ఎంతసేపు వెతికినా ఆ రాత్రి మాత్రం అదొక్కటే దొరికింది.

మర్నాడు పొద్దున బకిల్సు ఇచ్చే చోటికి మా అమ్మాయి కుంటుకుంటూ వెళ్ళింది. ఇవ్వరని తెలిసీ ఎందుకే అంటే, చప్పట్లు కొట్టడానికంది. కొట్టింది కూడా. మధ్య మధ్య తల తిప్పి గుంపులో ఎవరినో వెతుకుతోంది. ఆ పెద్దాయన కనబడలేదు. ఆస్పత్రిలో కోలుకున్నాడని మాత్రం ఎవరో చెప్పారు. కోటు సంగతి తెలియలేదు.

"కోపం పోయిందా?" అని అడిగాను.

"కొంచెం ఉంది" అంది.

మొన్న అక్కయ్య ఫోను చేసింది. ఆ పిల్ల మళ్ళీ లాటరీకి పేరిచ్చిందిట. "నువ్వైనా చెప్పవే దానికి" అంటుందేమో అనుకున్నాను. కాదు. "ఈసారి పులిహోరలో ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యమంటోందే. చెమట పట్టి ఒంట్లో ఉప్పు పోతుందిట కదా, ఎంతెయ్యమంటావు?" అని అడిగింది.