కనబడకపోవడం, లేకపోవడం

కారు నావిగేషన్‌లో పాత మ్యాప్ తీసేసి కొత్తది ఎక్కించే పని చాలా కార్లలో ఇంచుమించు ఒకే తీరుగా సాగుతుంది. తయారీదారు ఇచ్చిన మ్యాప్ ఫైళ్లను కంప్యూటర్‌లోకి దించుకుని, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాన్ని కారులోని యూఎస్‌బీ పోర్టులో పెడతారు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి అప్‌డేట్ నొక్కుతారు. పెన్‌డ్రైవ్ కొసన ఉన్న లైటు రెండు మూడు సార్లు మిణుకుమంటుంది. స్క్రీన్ మీద చిన్న చక్రం కాసేపు తిరిగి ఆగుతుంది. ఆ తర్వాత, ఒక్కోసారి, అప్‌డేట్ ఫైళ్లు ఏవీ లేవన్న అర్థం వచ్చే సందేశం పడుతుంది.

ఫైళ్లు మాత్రం పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. గంట క్రితం కంప్యూటర్‌లో కళ్లారా చూసినవే. యంత్రం లేవంటోంది, మనిషి ఉన్నాయంటున్నాడు. ఒక వస్తువు కనబడలేదన్న మాట నుంచి అది లేదన్న మాటకు ఎప్పుడు దాటవచ్చు అన్నది భారతీయ దర్శనాలు వెయ్యేళ్లకు పైగా తర్జనభర్జన పడిన ప్రశ్న. డాష్‌బోర్డు మీద ఆ సందేశం పడ్డప్పుడు తలెత్తేదీ అదే ప్రశ్న.

శాస్త్రాల్లో దీనికి వాడే ఉదాహరణ నేల మీద కుండ. నేల మీద కుండ లేదని ఎలా తెలుస్తుంది? నేల కంటికి కనిపిస్తుంది. కుండ ఉంటే అదీ కనిపించేది. కానీ లేకపోవడానికి రంగూ లేదు, రూపమూ లేదు. మరి దాన్ని కన్ను ఎలా పట్టుకుంది? న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఇదీ ప్రత్యక్షమే, అంటే ఇంద్రియంతో నేరుగా తెలిసేదే, అన్నారు. నేలను చూసే కన్నే, ఆ నేలకు విశేషణంగా ఉన్న కుండ లేమిని కూడా చూస్తుందని వారి మాట. కుమారిల భట్టును అనుసరించిన భాట్ట మీమాంసకులు దీన్ని ఒప్పుకోలేదు. లేమితో కంటికి సంబంధం కుదరదు కాబట్టి అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, అనే వేరే ప్రమాణం (జ్ఞాన సాధనం) కావాలన్నారు. వ్యవహారంలో అద్వైతులూ దాన్ని ఆరో ప్రమాణంగా తీసుకున్నారు. మీమాంసలోనే మరో శాఖవారైన ప్రాభాకరులైతే అభావం (లేమి) అనే పదార్థమే అక్కర్లేదని, వట్టి నేల కనబడటమే కుండ లేకపోవడమని తేల్చారు.

ఇన్ని భేదాలున్నా లేమిని ఒప్పుకున్నవారంతా ఒక షరతు దగ్గర కలుస్తారు. అది యోగ్యత. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు, వెలుతురు లేదని. వెలుతురు ఉంది, కన్ను బాగుంది, మధ్యలో అడ్డేమీ లేదు, వస్తువు కంటికి అందే జాతిదే. అప్పుడు కూడా కనబడకపోతేనే అది లేదనడానికి హక్కు వస్తుంది. 17వ శతాబ్దిలో ధర్మరాజాధ్వరీంద్రుడు రాసిన వేదాంత పరిభాష ఈ షరతును తర్కం రూపంలో పెడుతుంది: ఇక్కడ కుండే ఉండి ఉంటే కనబడి ఉండేది అని అనగలగాలి. ఆ మాట అనలేని చోట కనబడకపోవడం దేన్నీ రుజువు చేయదు.

కారు స్క్రీన్ చెప్పే మాటను ఈ షరతుకు పెట్టి చూడాలి. ఫైళ్లు ఉండి ఉంటే ఆ యంత్రానికి కనబడి ఉండేవా? చాలాసార్లు కనబడవు. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే లెక్కపద్ధతి. ఆ లెక్కలు రాసే తీరులు చాలా ఉన్నాయి. ఎక్కువ కార్లు ఫ్యాట్32 అనే పాత తీరును చదవగలవు. కొన్ని కొత్త కార్లు ఎక్స్‌ఫ్యాట్‌ను కూడా చదువుతాయి. విండోస్ కంప్యూటర్లలో మామూలుగా ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ చాలా కార్లకు అంతుపట్టదు. అక్షరాలు రానివాడి చేతికి ఉత్తరమిస్తే కాగితం మీద గీతలున్నాయంటాడు గానీ ఉత్తరంలో విషయం లేదని అనడు. యంత్రానికి ఆ పాటి విచక్షణ నేర్పి ఉండరు. తనకు చదవడం రాకపోయినా లేదనే చెబుతుంది.

చిక్కు ఇక్కడితో తీరదు. ఫ్యాట్32లో ఒక్కో ఫైల్ పరిమాణాన్ని రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉంది. అందుకని ఒక ఫైల్ 4 జీబీకి ఒక్క బైటు తక్కువ వరకే ఉండగలదు. ఒక దేశం మొత్తం మ్యాప్ ఒకే ఫైల్‌గా వస్తే ఆ హద్దు దాటిపోవచ్చు. అప్పుడు ఫైల్ పట్టదని కంప్యూటర్ కాపీని ఆపేస్తుంది. కారు యజమాని విసిగి పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మారుస్తాడు. కాపీ సాఫీగా అయిపోతుంది. కంప్యూటర్ దగ్గర చిక్కు తీర్చిన మార్పే కారు దగ్గర కొత్త చిక్కు అవుతుంది. మ్యాప్‌ను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఇచ్చే తయారీదారులు ఈ ఇబ్బందిని ముందే తప్పిస్తారు. అలాంటి ముక్కలను ఒక్కటిగా కలపకుండా, పేర్లు మార్చకుండా, ఉన్నవి ఉన్నట్టే కాపీ చేయాలి.

చదవగలిగే ఫార్మాట్‌లోనే ఉన్నా కనబడని సందర్భం మరొకటుంది. దించుకున్న మ్యాప్ తరచు జిప్ రూపంలో వస్తుంది. దాన్ని విప్పినప్పుడు కంప్యూటర్ ఒక కొత్త ఫోల్డర్ సృష్టించి అన్నిటినీ అందులో పడేస్తుంది. కారు సాధారణంగా వెతికేది మాత్రం పెన్‌డ్రైవ్ తెరవగానే వచ్చే మొదటి అరలో. కుండ ఇంట్లోనే ఉంది, కాకపోతే అటక మీద ఉంది. చూసినవాడు నేల మాత్రమే చూసి లేదన్నాడు. నేల మీద లేదన్నంత వరకు అతను చెప్పింది నిజమే. ఇంట్లోనే లేదంటే తప్పు. అభావం గురించి మాట్లాడేటప్పుడు ఏది లేదో, ఎక్కడ లేదో రెండూ చెప్పాలని నైయాయికులు పట్టుబట్టింది ఇందుకే. మొదటిది ప్రతియోగి, రెండోది అధికరణం. స్క్రీన్ సందేశంలో అధికరణం ఉండదు. సగం తికమక ఆ లోపం వల్లే పుడుతుంది.

చూసినప్పుడు పట్టకపోయినా తర్వాత తెలిసే లేమి కూడా ఉంటుంది. కుమారిలుడు శ్లోకవార్తికంలో ఈ సంగతి ఎత్తాడు. ఒకడు ఒక చోటును ఊరికే చూసి వచ్చాడు. అక్కడ ఫలానాది ఉందా లేదా అన్న ఆలోచనే అప్పుడు రాలేదు. తర్వాత వేరే చోట ఎవరో అడిగితే, ఆ చోటును గుర్తు తెచ్చుకుని, లేదని అప్పటికప్పుడు గ్రహిస్తాడు. కంటి ముందు ఆ చోటు లేదు కాబట్టి ఈ జ్ఞానం ప్రత్యక్షం కాదన్నది ఆయన వాదం. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. కాపీ పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేసి, తీయవచ్చని కంప్యూటర్ చెప్పాకే తీశారా అండీ అని అవతలివారు అడుగుతారు. అప్పుడు గుర్తొస్తుంది: ఆ మాట స్క్రీన్ మీద రానేలేదు. కాపీ గీత నిండగానే చేత్తో లాగేశారు. రాయాల్సిన చివరి భాగం కంప్యూటర్ జ్ఞాపకంలోనే ఉండిపోయి ఉండవచ్చు. చూస్తున్నప్పుడు పట్టని లేమి అడిగినప్పుడు పట్టింది.

లేకపోవడంలో రకాలున్నాయి. 17వ శతాబ్దిలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడిగా ప్రసిద్ధుడు. ఆ చిన్న పుస్తకంలో వైశేషికుల వర్గీకరణను అనుసరించి అభావాలు నాలుగని చెప్పాడు. పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం, నశించాక లేకపోవడం ప్రధ్వంసాభావం, ఏ కాలంలోనూ లేకపోవడం అత్యంతాభావం, ఇది అది కాకపోవడం అన్యోన్యాభావం. మరమ్మతు చేసేవారికి ఈ విభజన చాలా పనికొస్తుంది. ఫైల్ ఇంకా పూర్తిగా దిగకపోతే ఎదురుచూడటమే మందు. దిగాక చెడిపోతే మళ్లీ దించుకోవాలి. ఒక మోడల్ కోసం చేసిన మ్యాప్‌ను మరో మోడల్‌లో పెడితే, ఫైల్ ఉంది, బాగానే ఉంది, కానీ అది ఇది కాదు. ఎన్నిసార్లు దించినా ప్రయోజనం లేదు. కొన్ని కార్లలో పెన్‌డ్రైవ్‌ను ముందుగా కారులో పెట్టి, కారు తన గుర్తింపు వివరాలు అందులో రాశాకే కంప్యూటర్‌కు తీసుకెళ్లాలి. ఆ మెట్టు దాటేసి తెచ్చిన ఫైళ్లను కారు తనవిగా ఒప్పుకోదు. వీటన్నిటికీ స్క్రీన్ మీద వచ్చే సందేశం ఒకటే కావచ్చు, మందు మాత్రం వేరు.

ఏ లేమి అన్నది తేల్చడానికి శాస్త్రం ఇచ్చిన సాధనం అన్వయ వ్యతిరేకాలు. ఇది ఉంటే అది ఉండటం అన్వయం, ఇది లేకపోతే అది లేకపోవడం వ్యతిరేకం. అదే పెన్‌డ్రైవ్‌ను అదే కారులో వేరే పోర్టులో పెట్టి చూడాలి, ఎందుకంటే కొన్ని పోర్టులు ఫోన్ చార్జింగ్‌కే తప్ప డేటాకు పనికిరావు. తర్వాత అదే పోర్టులో, ఫ్యాట్32లో ఉన్న వేరే చిన్న పెన్‌డ్రైవ్ పెట్టాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. పోర్టూ పెన్‌డ్రైవూ రెండూ ఒకేసారి మారిస్తే పని జరిగినా కారణం తెలియదు.

ఇలా జాగ్రత్తగా వెళ్లినా పొరబాటుకు చోటుంది. పెద్ద పెన్‌డ్రైవ్‌లు ఈ కారుకు పనికిరావు అనే మాట తరచు వినిపిస్తుంది. 8 జీబీది పని చేసింది, 64 జీబీది చేయలేదు. మరోటి కొన్నారు, అదీ చేయలేదు. వ్యాప్తి, అంటే ఒకటి ఉన్నచోటల్లా రెండోది ఉంటుందన్న నియమం, కుదిరినట్టే ఉంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని అనుకున్నవాడి వ్యాప్తి కూడా ఇలాగే కుదిరినట్టుంటుంది, కాలిన ఇనుపముద్దను చూసేదాకా. పొగకు కారణం నిప్పుతో పాటు తడి కట్టె. తర్కంలో దాన్ని ఉపాధి అంటారు. పెన్‌డ్రైవ్ విషయంలో తడి కట్టె ఫార్మాట్. విండోస్ తన మామూలు ఫార్మాట్ పనిముట్టుతో 32 జీబీ దాటిన వాటిని ఫ్యాట్32గా చేయనివ్వకపోవడం చాలా ఏళ్లు కొనసాగింది. అందువల్ల పెద్దవి తరచు ఎక్స్‌ఫ్యాట్‌లోనే ఉంటాయి. ఫార్మాట్ మారిస్తే పెద్దదీ పనిచేయవచ్చు. ఉపాధిని వెతకకుండా మూడో పెన్‌డ్రైవ్ కొనడం డబ్బు దండగ.

అప్‌డేట్ ఎక్కాక కూడా కనబడకపోవడం గురించిన ప్రశ్న మ్యాప్‌ను వదలదు. మ్యాప్‌లో లేని రోడ్డు లేదా? 2014కు ముందు తయారైన మ్యాప్‌లో తెలంగాణ అనే రాష్ట్రం ఉండదు. 2016 అక్టోబరు 11కు ముందుదైతే ఆ రాష్ట్రంలో 10 జిల్లాలే చూపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. దానికి ముందు మ్యాప్‌లో బాపట్ల జిల్లా కోసం వెతికితే దొరకదు. దొరకకపోవడం ఆ జిల్లా గురించి ఏమీ చెప్పదు, మ్యాప్ పుట్టిన తేదీ గురించి చెబుతుంది. అందుకే ఏ తప్పు వెతికే ముందైనా వెర్షన్ నంబరు, తేదీ చూడటం సరైన వరస. లేదనే మాటకు దేశంతో (చోటుతో) పాటు కాలమూ కావాలి.

ఏడో శతాబ్దికి చెందినవాడని చెప్పే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఈ సంగతిని అందరికన్నా సూటిగా పట్టుకున్నాడని చెప్పాలి. న్యాయబిందువులో అనుపలబ్ధికి 11 రూపాలు లెక్కపెట్టి, అవన్నీ కనబడదగిన వస్తువుకే వర్తిస్తాయన్నాడు. దేశం వల్లనో, కాలం వల్లనో, స్వభావం వల్లనో దూరమైన వస్తువు కనబడకపోతే మిగిలేది సంశయం మాత్రమే. ఫోల్డర్ లోపలి ఫోల్డర్ దేశం వల్ల దూరం, కొత్త జిల్లా పాత మ్యాప్‌కు కాలం వల్ల దూరం, చదవరాని ఫార్మాట్ స్వభావం వల్ల దూరం. స్వభావ దూరానికి ఆ సంప్రదాయం ఇచ్చే ఉదాహరణ పిశాచం. ఎదురుగా పిశాచం కనబడలేదు కనుక ఇక్కడ పిశాచం లేదనడం తర్కానికి నిలవదు.

పిశాచానికి చెల్లిన మాట ఈశ్వరుడికీ చెల్లుతుందా? ప్రత్యక్షాన్నే నమ్మే చార్వాకుడు, ఈశ్వరుడు కనబడడు కనుక లేడన్నాడు. మిథిలకు చెందిన ఉదయనుడు 10–11 శతాబ్దాల నాటి న్యాయకుసుమాంజలిలో, మూడో స్తబకంలో (అధ్యాయంలో), దీనికి జవాబిచ్చాడు. ఈశ్వరుడు కంటికి అందే జాతివాడు కాదు, కాబట్టి కనబడకపోవడం ఆయన లేమిని రుజువు చేయదు. వెంటనే ఎదుటివాడు అడుగుతాడు: అలాగైతే కుందేటికొమ్మును కూడా లేదనడానికి వీల్లేదా? కొమ్ము కంటికి అందే జాతిది, కుందేలు తలా కనబడుతోంది. కొమ్ము ఉంటే కనబడి ఉండేది, కాబట్టి అక్కడ లేదనవచ్చునని ఉదయనుడి సమాధానం. ధర్మకీర్తి ఈశ్వరుణ్ణి ఒప్పుకోలేదు, అయినా కనబడలేదన్న కారణంతో కొట్టేయలేదు. ప్రమాణవార్తికంలో అందుకు వేరే వాదాలు తెచ్చాడు. ఇద్దరూ పరస్పరం ప్రత్యర్థి పక్షాలవారే. లేదనడానికి ముందు ఉంటే కనబడేదా అని అడగాలన్న దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే వైపు నిలబడ్డారు.

ఈ వాదంతో ఉదయనుడు ఈశ్వరుడు ఉన్నాడని రుజువు చేయలేదు, చేశానని చెప్పుకోనూ లేదు. లేడన్న వాదం ఒకటి పడిపోయింది, అంతవరకే. ఉన్నాడనడానికి కావలసిన హేతువులను విడిగా, ఐదో స్తబకంలో పెట్టాడు. పెన్‌డ్రైవ్ విషయంలోనూ యంత్రం లేవన్నంత మాత్రాన ఫైళ్లు లేవని కాదు, ఉన్నాయనీ కాదు. ఉన్నాయని తేల్చుకోవాలంటే పెన్‌డ్రైవ్‌ను మళ్లీ కంప్యూటర్‌లో పెట్టి, మొదటి అర తెరిచి, ఒక్కో ఫైల్ పరిమాణాన్ని దించుకున్న అసలు ఫైల్‌తో సరిచూడాలి.