గురి పెట్టడం సరే, దించడం వచ్చా?

ద్రోణుడి పక్షి పరీక్ష మీద చేసిన వీడియోలో ఒక ప్రశ్నకి టైమ్ సరిపోలేదు. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. రోజూ దేవుడి ముందు దీపం పెట్టుకునే మనిషి, సరదా కోసం తుపాకీ పట్టుకోవచ్చా?

నిజానికి ఇది మా అమ్మ వేసిన ప్రశ్న. మాది నర్సీపట్నం. నా ఉద్యోగం హైదరాబాద్‌లో, రోజంతా కోడ్‌తోనే పని. కొన్నాళ్లుగా ఆదివారాలు ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లి ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాను. ఫోన్‌లో చెప్తే అమ్మ, "మనకెందుకురా నాన్నా తుపాకుల గోల? చేతిలో ఏది పట్టుకుంటే బుద్ధి కూడా అటే పోద్ది" అంది. నవ్వేసి వదిలేయడం తేలిక. కానీ ఆ మాటలో బలం ఉంది. మనం రోజూ చేసే పని మన మనసుని మెల్లగా మారుస్తుందని మన పెద్దలు మొదటినుంచీ చెప్తున్నదే కదా. జపమాలకి ఆ శక్తి ఉంటే తుపాకీకి కూడా ఉంటుంది.

ముందు అసలు ఆ ఆట ఏంటో చూద్దాం. గురి పది మీటర్ల దూరంలో ఉంటుంది. కాల్చే గుండు, అంటే పెల్లెట్, వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్ మాత్రమే. పోటీలో 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ ఈవెంట్‌లోనే. ఇందులో ఎవరికీ దెబ్బ తగలదు, ఏ ప్రాణీ పోదు. కాగితమో, ఎలక్ట్రానిక్ స్క్రీనో దెబ్బ తింటుందంతే.

అలాంటప్పుడు హింస ఎక్కడుంది? ఇక్కడే ద్రోణుడు గుర్తొస్తాడు. చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. వ్యాస భారతంలో ద్రోణుడు చెట్టు మీద పెట్టించింది బతికున్న పక్షిని కాదు. శిల్పుల చేత చేయించిన బొమ్మ పక్షి అది. అంటే ఆ పరీక్ష కూడా ఒక రకంగా టార్గెట్ షూటింగే! ఎవరినీ చంపకుండా గురి నేర్చుకోవడం మనకి కొత్తేం కాదన్నమాట.

కానీ ఇక్కడితో ఆపేస్తే అమ్మకి సగం సమాధానమే చెప్పినట్టు. ఆ కథని మనం ఎక్కువగా ఫోకస్ గురించే చెప్పుకుంటాం. అర్జునుడికి చెట్టు కనపడలేదు, అన్నదమ్ములు కనపడలేదు, పక్షి తల ఒక్కటే కనపడింది. బాగుంది. మరి ఫోకస్ ఒక్కటే గొప్పదైతే దశరథుడి సంగతేంటి? సరయూ ఒడ్డున చీకట్లో కుండ మునుగుతున్న చప్పుడు విని, ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని బాణం వేశాడు. శబ్దాన్ని బట్టి కొట్టే విద్య అది. గురి వెంట్రుకవాసి కూడా తప్పలేదు. తగిలింది మాత్రం ముసలి తల్లిదండ్రుల కోసం నీళ్లు ముంచుతున్న కుర్రాడికి. ఏకాగ్రత నూటికి నూరు ఉంది, వివేకం లేదు. ఆ పుత్రశోక శాపమే తర్వాత దశరథుడి ప్రాణం తీసింది.

రేంజ్‌లో మొదటి రోజు నేర్పేది కూడా ఇదే. ట్రిగ్గర్ నొక్కడం తర్వాతి సంగతి. దేన్ని కొడుతున్నావో, దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. కాల్చే వేళ వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి రాకూడదు. కాల్చనప్పుడు గన్ ఖాళీగా ఉందని అందరికీ కనపడేలా రంగు సేఫ్టీ ఫ్లాగ్ పెట్టాలి. "స్టాప్" అని వినపడితే ఎంత మంచి గురి కుదిరినా ఆగిపోవాలి. అంటే అర్జునుడిలా ఒక్కటే చూసే ముందు, ధర్మరాజులా చెట్టునీ మనుషుల్నీ కూడా చూడాలి. ఆ పరీక్షలో ఆయన ఫెయిలయ్యాడు గానీ, ఆ చూపు కూడా మనకి కావాలి.

ఇంకో పాఠం ఉంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. ఎయిర్ రైఫిల్ బరువు 5.5 కిలోల వరకు ఉండొచ్చు. ఎత్తి, శ్వాస సర్దుకుని, గురి పెడతాం. కొన్ని సెకన్లలో షాట్ కుదరకపోతే కళ్లు అలుస్తాయి, ఒళ్లు వణుకుతుంది. అప్పుడు కోచ్ చెప్పే మాట ఒక్కటే: "దించెయ్. మళ్లీ మొదట్నించి." వినడానికి తేలికే, చేయడం కష్టం. అంత బరువు ఎత్తాం, ఇంత దూరం వచ్చాం, ఇప్పుడు దించడమేంటి, కొట్టేద్దాం అనిపిస్తుంది. ఆ "కొట్టేద్దాం" అనే తొందరని జయించడమే ఈ ఆటలో సగం సాధన.

మన శాస్త్రంలో దీనికి ఒక పేరుంది: ఉపసంహారం. యుద్ధం చివర్లో అశ్వత్థామ గడ్డిపరక మీద బ్రహ్మశిరోనామకాస్త్రం ఆవాహన చేసి వదిలాడు. దాన్ని ఆపడానికి అర్జునుడు కూడా అదే అస్త్రం వేశాడు. లోకం కాలిపోతుందని వ్యాసుడు, నారదుడు మధ్యలో నిలబడ్డారు. ఇద్దరినీ వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకోగలిగాడు. అశ్వత్థామకి చేతకాలేదు. అది చివరికి ఉత్తర గర్భంలోని శిశువు మీదకి పోయింది. ఇద్దరూ ద్రోణుడి దగ్గరే నేర్చుకున్నారు. వదలడం ఇద్దరికీ వచ్చు. వెనక్కి తీసుకోవడం నిగ్రహం ఉన్నవాడికే వచ్చింది. నా దృష్టిలో అర్జునుడి అసలు పరీక్ష పక్షి దగ్గర కాదు, ఇక్కడ జరిగింది.

మా ప్రాంతం వాళ్లకి తుపాకీ అనగానే అల్లూరి సీతారామరాజు గుర్తొస్తాడు. 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి ఆయుధాలు తీసుకెళ్లాడు. ఆ కృష్ణదేవిపేట మాకు దగ్గరే, ఆయన సమాధి అక్కడే ఉంది. అదే సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో రాజు మనుషులు పొంచి ఉన్నారు. ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చారు. వెనక వస్తున్న ఇద్దరు బ్రిటిష్ అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌ల మీదే కాల్పులు జరిపారు. అది యుద్ధం, ప్రాణాలు పోయాయి. దాన్ని నా ఆదివారం ఆటతో పోల్చే సాహసం చేయను. కానీ ఎవరిని కొట్టకూడదో కూడా వాళ్లకి స్పష్టంగా తెలుసు. చేతిలో తుపాకీ ఉండి, ఎదురుగా మనుషులు నడుస్తుంటే ట్రిగ్గర్ నొక్కకుండా ఆగడం చిన్న నిగ్రహం కాదు.

కాబట్టి అమ్మ ప్రశ్నకి నా సమాధానం ఇది. పట్టుకోవచ్చు, కానీ దించడం నేర్పే చోట మాత్రమే. గన్ చేతికి రాగానే పిట్టల మీద ప్రయోగం చేయాలనిపించినా, దాంతో ఫోటో దిగి పదిమందిని బెదిరించాలనిపించినా, ఆ హాబీ మనల్ని తప్పు దారిలో పెడుతున్నట్టే. అప్పుడు అమ్మ మాటే నిజం. మొదలుపెట్టాలనుకునే ఫ్రెండ్స్‌కి ఒక సూచన: సొంతంగా కొనే తొందర వద్దు. కోచ్ ఉన్న రేంజ్‌లో చేరండి. కొనే రోజు వస్తే 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాలు ఏం చెప్తున్నాయో చదివాకే కొనండి.

రేంజ్‌కి వెళ్లని వాళ్లకి కూడా ఈ సాధన పనికొస్తుంది. మన నోట్లో మాట, ఫోన్‌లో టైప్ చేసిన మెసేజ్, రెండూ అస్త్రాలే. కోపంతో రాసి, పంపే ముందు చెరిపేసిన ప్రతి మెసేజ్ ఒక ఉపసంహారం. దసరాకి ఆయుధ పూజ చేసేటప్పుడు గమనించండి. ఆ రోజు ఆయుధాన్ని చేతిలోంచి దించి అమ్మవారి ముందు పెడతాం. పాండవులు కూడా అజ్ఞాతవాసంలో ఏడాది పాటు తమ ఆయుధాల్ని జమ్మిచెట్టు మీదే ఉంచారు. దించగలిగిన వాళ్లు కాబట్టే, మళ్లీ ఎత్తే అర్హత వాళ్లకి ఉంది.

శుభం భూయాత్.